పడవలో చమురు పోయు గొట్టము



చేపలు గ్రుడ్లుపెట్టు ఋతువని తలచి, తూర్పుతీరమునందు ఏటేట ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు, 61 దినములపాటు, మరపడవల వేటను ప్రభుత్వమువారు నిలిపివేయుదురన్న సంగతి కడలిని నమ్ముకొని బ్రతుకు మీకు నేను క్రొత్తగా చెప్పవలసినది కాదు. ఆ రెండు నెలలును విశాఖపట్టణము, కాకినాడ, నిజాంపట్టణము మొదలగు రేవులలో పడవలు వరుసగట్టి నిలువగా, వడ్రంగులు శిథిలమైన పలకలను మార్చుచు, మెకానిక్కులు ఇంజనులను విప్పి భాగములను పరచి కడుగుచు, కళాసీలు చిరిగిన వలలను బాగుచేయుచు, యజమానులు వచ్చు వేటకు కావలసిన పెట్టుబడిని లెక్కవేసికొనుచు ఉందురు. ఇన్ని మరమ్మతులు జరుగుచున్నను ఒక్క వస్తువు మాత్రము ఎవరి కంటను పడక తప్పించుకొనుచున్నది. డెక్కుమీది మూత మొదలు లోపలి డీజిలు ట్యాంకు వరకు దిగు రబ్బరు గొట్టము, రేవులో అందరును హోసు పైపు అనునది, ఆ వస్తువు. అది చెడినదని తెలిసికొనుట యెట్లు, చెడినదానిని తీసి క్రొత్తది వేయుట యెట్లు అను విషయమును ఈనాడు మీతో కొంత తీరికగా ముచ్చటింపదలచితిని.

ఈ గొట్టమునకు ఒక విశేషము కలదు. పది పదునైదు దినముల వేటకు పోవు పెద్ద మరపడవ రేవు విడుచుటకు ముందు వేల లీటర్ల డీజిలు నింపుకొనును. ఆ నింపుకొను కొద్దిసేపు మాత్రమే ఈ గొట్టములో చమురు ప్రవహించును. తక్కిన కాలమంతయు అది ఇంజను గది చీకటిలో, ఇంజను వేడిమికిని ఉప్పుగాలికిని లోబడి, ట్యాంకునుండి లేచు ఆవిరిని మాత్రమే లోపల నింపుకొని పడియుండును. ఇంజనునకు చమురు తెచ్చు సన్నని గొట్టము కారినచో ఇంజను తడబడి ఆ సంగతిని వెంటనే తెలుపును. డ్రైవరు దిగి చూచును. పోయు గొట్టము చీలినచో సముద్రముమీద ఏమియు తెలియదు. ఇంజను తిరుగుచునే యుండును, పడవ నడచుచునే యుండును. అది కారు వేళ చమురు పోయు వేళ మాత్రమే. ఆ వేళ పడవవారందరును డెక్కుమీద మూతయొద్ద నిలిచి మీటరును చూచుచుందురు గాని, క్రిందికి దిగి టార్చిలైటు వేసి చూచువాడు ఉండడు. కావున "కారుటలేదు గదా, బాగుగనే యున్నది" అను మాట ఈ గొట్టము విషయమున చెల్లదు. దీనిని వయస్సునుబట్టియు, చేతి స్పర్శనుబట్టియు నిర్ణయింపవలెను గాని, కారుటనుబట్టి నిర్ణయింపరాదు. నేను మీకు చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే.

రబ్బరు ఏల చెడునో కొంచెము తెలిసికొనుట మంచిది. చెట్టుపాలనుండి వచ్చు సహజమైన రబ్బరు పెట్రోలు, డీజిలు తగిలినచో ఉబ్బి, మెత్తబడి, పట్టు కోల్పోవును. అందుచేత చమురు గొట్టముల లోపలి పొరను నైట్రైలు రబ్బరు అను కృత్రిమపదార్థముతో చేయుదురు. అది చమురునకు చాలవరకు నిలుచును. అయితే ఎండయు, గాలిలోని ఓజోనును ఆ నైట్రైలునకు పడవు. వాని తాకిడికి అది నెర్రెలు వారును. కనుక వెలుపల నియోప్రీను వంటి మరియొక రబ్బరు పొరను కప్పి, రెంటి నడుమ బలమునకై నూలుపోగుల అల్లికను, వంచినపుడు నొక్కుకొనిపోకుండ ఉక్కుతీగ చుట్టను పొందుపరచుదురు. గొట్టము మెత్తగా వంగుటకై రబ్బరులో కలిపిన ద్రవ్యములను డీజిలు ఏండ్లతరబడి కొంచెము కొంచెముగా కరిగించి తీసికొనిపోగా, తుదకు గొట్టము ఎండిన తాటిమట్టవలె బిగిసి, క్లాంపు క్రింద సన్నబడి, మర బిగించినది బిగించినట్లే యున్నను పట్టు వదలివేయును. పడవ కెరటముపై ఊగినప్పుడెల్ల డెక్కు ఒక విధముగను ట్యాంకు మరియొక విధముగను కదలును. ఆ కదలికను ఓర్చుకొనుటకే గదా నడుమ రబ్బరును పెట్టినది! బిగిసిన రబ్బరు దానిని ఓర్చుకొనలేక వంపునొద్దనో, క్లాంపు అంచునొద్దనో చీలిపోవును.

పరీక్షకు గొప్ప పరికరములు అక్కరలేదు; టార్చిలైటును, పొడిగుడ్డయు, మీ చేతివ్రేళ్ళును చాలును. గొట్టమును రెండు చేతులతో పట్టి వంచి చూడుడు. మంచి గొట్టము వంగి, వదలగానే తన పూర్వస్థితికి వచ్చును. వంపు వెలుపలివైపున సన్నని నెర్రెలు తెరచుకొన్నచో దానికి కాలము చెల్లినది. బొటనవ్రేలితో నొక్కినపుడు ఒకచోట గట్టిగాను, ఒకచోట జిగటగాను తగిలినచో, లేక బొబ్బలుగా ఉబ్బి యున్నచో, లోపలి పొర ఊడి పొరల నడుమ చమురు చేరినదని గ్రహింపుడు. పిమ్మట పొడిగుడ్డతో గొట్టమును పొడుగునను గట్టిగా తుడిచి, ఆ గుడ్డను వాసన చూడుడు. కంటికి గొట్టము పొడిగానే కనబడుచున్నను గుడ్డకు చమురు వాసన అంటినచో, చమురు రబ్బరు గోడగుండ వెలుపలికి ఊరుచున్నదన్నమాట. ఇంకొక సాక్ష్యము ఫిల్టరులో దొరకును. ఫిల్టరు మార్చునపుడు అందులో నల్లని రబ్బరు నలుసులు కనబడినచో, డీజిలును నిందించుటకు ముందు డెక్కుమీది మూత తీసి గొట్టములోనికి వెలుతురు వేసి చూడుడు. వెలుపల నిగనిగలాడు గొట్టము లోపల పొలుసులు పొలుసులుగా రాలుచుండుట నేను కన్నులార చూచితిని. పదియేండ్లు దాటిన గొట్టమును, పైకి ఎంత బాగుగ కనబడినను, మార్చివేయుట మేలని పడవల మరమ్మతు తెలిసినవారు సాధారణముగా చెప్పుదురు. మన తీరపు ఎండలకును, ఇంజను గది ఉక్కకును పదియేండ్లు వేచియుండుమని చెప్పుటకు నాకు మనసొప్పదు.

చెడిన గొట్టమువలన డీజిలు వెలుపలికి పోవుట నష్టమే; సముద్రపు నీరు లోనికి వచ్చుట అంతకు మించిన నష్టము. ఒక పడవ యజమాని, నడిసముద్రమున తన ఇంజను మరల మరల ఆగిపోవుచుండగా, ట్యాంకు అడుగున నీరు పేరుకొనియుండుట చూచి, తనకు అమ్మిన డీజిలులోనే నీరు కలదని నిశ్చయించుకొని పెద్ద తగవునకు దిగియుండెను. చూడగా డెక్కుమీది మూత క్రింద, పై క్లాంపునకు ఆనుకొని, గొట్టము అర్ధచంద్రాకారముగా చీలియున్నది. మూత చుట్టును డెక్కు పలకకు వేసిన సీలు సైతము ఊడియున్నది. అణియము మీదుగా దూకిన కెరటపు నీరును, చేపలు దించిన పిదప డెక్కు కడిగిన నీరును ఆ సందున దిగి, గొట్టము వెంబడి జారి, చీలికయొద్ద లోపలికి చొచ్చి, తిన్నగా ట్యాంకులోనికి చేరుచుండెను. నీరు డీజిలుకంటె బరువు గనుక అడుగునకు చేరును. రేవులో నిలకడగా నున్నంతసేపు అది ఎవరిని బాధింపదు. పడవ పోటులో ఊగులాడినపుడు మాత్రము నీరును డీజిలును కలగలిసి ఇంజనునకు ఎక్కును. ఇంజెక్షను పంపులోని భాగముల నడుమ ఎడము కొద్ది మైక్రానులు మాత్రమే. ఆ ఎడమున కందెనగా పనిచేయునది డీజిలే. దాని స్థానమున ఉప్పునీరు చేరినచో పంపు తుప్పుపట్టి బిగిసిపోవును. పంపు బాగుచేయించుటకగు వ్యయముతో పోల్చినపుడు గొట్టము వెల లెక్కలోనికి రాదు. అంతేకాక, నీరును డీజిలును కలియు హద్దునొద్ద సూక్ష్మజీవులు పెరిగి, నల్లని జిగురుగా మారి, ఫిల్టరులను పూడ్చివేయును. ఒకసారి అవి ట్యాంకులో స్థిరపడినచో ట్యాంకు కడిగించినగాని వదలవు.

ఇక వెలుపలికి కారిన డీజిలు సంగతి. అది ఇంజను గది అడుగున చేరి, అడుగునీటిపై తేలి, కర్ర పలకలలోనికి ఇంకును. ఇంజను గదికి ప్రక్కనే చేపల గది ఉన్న పడవలలో ఆ వాసన అడ్డుగోడను దాటి మంచులోని సరుకునకు సోకును. రొయ్యకు గాని, వంజరమునకు గాని డీజిలు వాసన తగిలినచో వేలంపాటలో దానికి ధర పలుకదని మీకు నేను చెప్పనేల? "డీజిలే గదా, పెట్రోలువలె అంటుకొనునా" యను ధీమా మనవారిలో ఎక్కువ. నిప్పు చూపినతోడనే చమురు ఆవిరి అంటుకొను ఉష్ణోగ్రత అని ఒకటి కలదు. అంతర్జాతీయ నియమముల ప్రకారము పెద్ద ఓడలలో వాడు ఇంధనమునకు అది సాధారణముగా 60 డిగ్రీల సెల్సియసుకు తక్కువ కారాదు. మన దేశమున బంకులలో అమ్ము డీజిలునకు నిర్ణయించిన కనీసపు హద్దు 35 డిగ్రీలు మాత్రమే. మే నెల మధ్యాహ్నమున, ఇంజను నడచుచున్న గదిలో, వేడి 35 డిగ్రీలు దాటదని చెప్పగలవా డెవడు? 2023 నవంబరు 19వ తేదీ రాత్రి విశాఖ చేపలరేవులో చెలరేగిన అగ్ని పదులకొలది పడవలను దహించిన సంగతి మీరు మరచియుండరు. ఆ నిప్పు పుట్టుకకును ఈ గొట్టములకును సంబంధము కలదని నేననుట లేదు. కాని ఒకదానినొకటి ఒరసికొని నిలిచిన పడవలలో, ట్యాంకులనిండ డీజిలును, వంటగ్యాసు సిలిండర్లును ఉన్నపుడు, ఒక పడవ నిర్లక్ష్యము ఆ పడవతోనే ఆగిపోదని ఆ రాత్రి తేటతెల్లమైనది.

పెట్రోలు ఇంజను గల విహారపు పడవలు నడుపువారు ఈ విషయమున మరింత జాగరూకులై యుండవలెను. పెట్రోలు ఎంత చలిలోనైనను ఆవిరియగును. ఆ ఆవిరి గాలికంటె మూడునాలుగు రెట్లు బరువు గనుక పైకి పోక పడవ గర్భమున చేరి నిలుచును. గాలిలో దాని పాలు నూటికి ఒకటిన్నర వంతునకు సమీపించినచో చాలును, స్టార్టరులో పుట్టు చిన్న నిప్పురవ్వ దానిని ప్రేల్చివేయును. ఈ నడుమ పెట్రోలులో కలుపు ఇథనాలు పాలు మన దేశమున 2025 నాటికి నూటికి 20 వంతులకు చేరినది. పూర్వము తయారైన గొట్టములు పెక్కు ఈ ఆల్కహాలును తట్టుకొనునట్లు చేసినవి కావు. అది వాని లోపలి పొరను మెత్తబరచి విడదీయును. కావున పెట్రోలు పడవకు పాత గొట్టము ఉన్నచో, పరీక్ష ఫలితముతో నిమిత్తము లేకుండ మార్చుటయే కర్తవ్యము.

గొట్టమును ఎన్నుకొనుట యందే సగము పని కలదు. పొలములలో మోటారునకు తగిలించు పచ్చని సక్షను పైపు చవుకగా దొరకును, చక్కగా వంగును, చూచుటకు బలముగా కనబడును. దానిని తెచ్చి డీజిలు ట్యాంకునకు వేసినచో, ఆ ప్లాస్టిక్కును మెత్తగా నుంచు ద్రవ్యమును డీజిలు లాగివేయగా అది కొలది కాలములోనే పెళుసై విరుగును. లారీ రేడియేటరు గొట్టము మరియొక మోసము. అది రబ్బరే గాని, వేడినీటికై చేసిన రబ్బరు. చమురు తగిలినచో ఉబ్బి జారిపోవును. పడవ ఇంధనమునకని చేసిన గొట్టముపై ఆ సంగతి ముద్రించియుండును. మంటను కొంతసేపు ఓర్చు గొట్టములకు ఐఎస్ఓ 7840 అను అంతర్జాతీయ ప్రమాణము కలదు. అమెరికా తీరరక్షక దళమువారు గొట్టములను ఏ1, ఏ2, బీ1, బీ2 అని నాలుగు తరగతులు చేసిరి: ఏ అనగా రెండున్నర నిమిషములపాటు మంటలో నిలుచునది, బీ అనగా ఆ పరీక్షకు నిలువనిది, 1 అనగా గోడగుండ చమురు తక్కువగా ఊరునది, 2 అనగా అంతకు హెచ్చుగా ఊరునది. ఒక చదరపు మీటరు గోడగుండ దినమునకు 100 గ్రాములకు మించి ఊరనిది మొదటి తరగతి, 300 గ్రాములకు మించి ఊరనిది రెండవ తరగతి. పోయు గొట్టములో చమురు నిలువయుండదు గనుక రెండవ తరగతి చాలునని అక్కడి నియమము. మంట విషయమున మాత్రము, ఇంజను గదిలోనుండి పోవు గొట్టమునకు ఏ తరగతియే కావలెను. కొలత విషయమున, ట్యాంకు మూతి వెలుపలి వ్యాసమును, గొట్టము లోపలి వ్యాసమును సరిచూచి తెండు. చిన్న పడవలకు 38 మిల్లీమీటర్లు, అనగా ఒకటిన్నర అంగుళము, వాడుకలో నున్న కొలత. పెద్దవానికి రెండంగుళములదియు ఉండును. వదులుగా నున్న గొట్టమును క్లాంపుతో నొక్కి సరిపెట్టుదమనుకొనరాదు. నొక్కినచోట మడత పడును, ఆ మడతయే దారి యగును.

తీయు దినమునకు ట్యాంకు సాధ్యమైనంత ఖాళీగా నుండునట్లు చూచుకొనుడు. బ్యాటరీ తీగలను విప్పి, పొయ్యి ఆర్పి, గ్యాసు సిలిండరును ఒడ్డునకు దింపి, ఇంజను గది తలుపులు తెరచి గాలి ఆడనిండు. బీడీ కాల్చువానిని ఆ దాపునకు రానీయకుడు. క్లాంపు మరలు తుప్పుతో బిగిసియుండును. వానిని హ్యాక్సా బ్లేడుతో చేతితోనే కోయుడు గాని, గ్రైండరు పెట్టి రవ్వలు లేపకుడు. గొట్టమును పట్టి మెలిపెట్టి గుంజుట అందరును చేయు పని, చేయరాని పని. ఏండ్లతరబడి అంటుకొనిన రబ్బరు ఊడిరాదు సరిగదా, ట్యాంకునకు వెల్డింగు చేసిన మూతి మొదట పగులును. పదునైన కత్తితో గొట్టమును మూతి పొడుగునను చీల్చి, నడుమ తగులు ఉక్కుతీగను కటింగు ప్లేయరుతో తునిమి, చీలికను రెండువైపులకు తెరచినచో అది ఒలుచుకొని వచ్చును. ఆ ఒలిచిన ముక్కను ఒకసారి వెలుతురులో చూడుడు: క్లాంపు పడినచోట రబ్బరు లోతుగా అణగి అద్దమువలె నునుపెక్కి యుండును, దాని అంచున పల్చని తీగ తుప్పుపట్టి ఎర్రని గీతగా కనబడును, లోపలి పొర గోటితో గీరిన నల్లని పొడిగా రాలును. కత్తి మూతిలోహముపై గీత పెట్టకుండ జాగ్రత్తపడుడు; ఆ గీతవెంట రేపు చమురు కారును. గొట్టము ఊడినతోడనే ట్యాంకు మూతికి చెక్క బిరడా బిగింపుడు. లేనిచో ఆవిరి గదినిండును, తుప్పుపెళ్ళలు లోన పడును.

పాత గొట్టమును పూర్తిగా లాగివేయుటకు ముందు దాని చివర ఒక త్రాడు కట్టుడు. అది వచ్చిన దారినే ఆ త్రాడుతో క్రొత్త గొట్టమును లాగికొనవచ్చును. మూతిని తీగబ్రష్షుతో శుభ్రముగా తోమి, తుప్పు గుంటలు పడియున్నచో వెల్డరు మాట విని ట్యాంకును కడిగించి మూతినే మార్పింపుడు. గుంటలు పడిన మూతికి ఏ గొట్టమును అతుకదు. క్రొత్త గొట్టపు కొనను వేడినీటిలో కొంతసేపు ముంచి, మూతికి సబ్బునీరు రాచి, నిదానముగా త్రిప్పుచు ఎక్కింపుడు. గ్రీజు రాచినచో అప్పటికి సులువుగా ఎక్కును, పిమ్మట అంతకంటె సులువుగా జారును. డెక్కునుండి ట్యాంకువరకు గొట్టము ఎడతెగని వాలుతో దిగవలెను. నడుమ జోలిగా వ్రేలాడినచో ఆ పల్లమున చమురు నిలిచి రబ్బరును రేయింబవళ్ళు నానబెట్టును. పొగగొట్టమునకు దూరముగా నుంచి, అడ్డుగోడ రంధ్రములోనుండి పోవుచోట అంచు కోయకుండ రబ్బరు తొడుగు వేయుడు.

ప్రతి కొనకును రెండేసి క్లాంపులు. దీనిని ఖర్చుగా చూడకుడు. రెండింటి మరలును ఎదురెదురు దిక్కులకు ఉండునట్లును, కొననుండి కనీసము ఆరు మిల్లీమీటర్లు వదలి పడునట్లును బిగింపుడు. స్టెయిన్‌లెస్ స్టీలు అని అమ్ము క్లాంపులలో పట్టీ మాత్రమే మంచిదై, మర సామాన్యపు ఉక్కుదై యుండుట పరిపాటి. జేబులో ఒక అయస్కాంతమును పెట్టుకొని దుకాణమునకు పోయి మరకు తాకించి చూడుడు. 316 రకపు స్టీలునకు అయస్కాంతము పట్టీపట్టనట్లుండును. గట్టిగా అంటుకొన్నచో ఆ మర ఒక వానకాలము దాటదు. కట్టుతీగ చుట్టి మెలిపెట్టుట రేవులో పాత అలవాటు. అది రబ్బరును కోసి లోనికి దిగును గనుక దానిని మానివేయుడు.

డెక్కుమీది లోహపు మూతికిని ట్యాంకునకును ఒక రాగితీగతో సంబంధముండవలెను. చమురు వేగముగా ప్రవహించునపుడు పుట్టు విద్యుత్తు ఆ తీగ వెంబడి పోవును. లేనిచో మూతికిని బంకు నాజిలునకును నడుమ రవ్వ యెగయు ప్రమాదమున్నది. తీగను మరతో బిగింపవలెను గాని, గొట్టమునకును మూతికిని నడుమ దూర్చరాదు. ట్యాంకునుండి గాలి పోవు సన్నని గొట్టమును ఇదే సందర్భమున మార్చుడు. అది పూడినచో పోయు చమురు గుక్కలు గుక్కలుగా వెనుకకు ఎగజిమ్మును.

పని ముగిసిన పిదప మొదట కొద్ది లీటర్లు మాత్రమే పోసి, ఒకడు పైన నాజిలు పట్టుకొనియుండగా, మరియొకడు క్రింద ఇంజను గదిలో టార్చిలైటుతో నిలిచి, ప్రతి అతుకు చుట్టును పొడి కాగితమును త్రిప్పి చూడవలెను. కాగితము పొడిగా నున్నచో ట్యాంకు నింపుకొనవచ్చును. మొదటి వేట ముగించి వచ్చినతోడనే క్లాంపులను మరల ఒకసారి బిగింపుడు, క్రొత్త రబ్బరు ఆ దినములలో కొంత అణగును. గొట్టము వేసిన నెలయు సంవత్సరమును మూత ప్రక్కన రంగుతో వ్రాయుడు. పడవ చేతులు మారినను ఆ వ్రాత నిలుచును. తీసిన గొట్టమును మాత్రము, ఎప్పుడైనను అక్కరకు వచ్చునని అమరము మూలన దాచిపెట్టక, ఆ పూటనే ముక్కలుగా కోసి పారవేయుడు. లేనియెడల వేటకు తొందరపడుచున్న మరియొక పడవవాడు వచ్చి, ఒక్క వేటకే గదాయని అడిగి తీసికొనిపోయి, దానినే తన ట్యాంకునకు తగిలించుకొనును.